ఉత్తరం కోసం రాయబారం

ఆ గురువారం ఉదయం కుతైబా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆలివ్ నూనెలో రొట్టె ముంచుకుని తినాలి, డాక్టర్ షుక్రీకి ఫోన్ చేసి సిఫారసు ఉత్తరం అడగాలి, సాయంత్రం ఆరు లోపల దరఖాస్తు పంపేయాలి. రొట్టె సగంలో ఆగిపోయింది. ఫోన్ అవతల మోగుతూనే ఉంది. దరఖాస్తు మాత్రం బల్ల మీద కంప్యూటర్‌లో కళ్ళు తెరుచుకుని అతని వైపే చూస్తోంది.

కుతైబా విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం చెబుతాడు. కాంట్రాక్టు ఉద్యోగం. ఈ ఏడు బయటినుంచి పరిశోధనకు నిధులు తెస్తేనే కాంట్రాక్టు పొడిగిస్తామని శాఖాధిపతి మర్యాదగా, టీ ఇచ్చి మరీ చెప్పాడు. అరబ్బు దేశాల్లో సమాజశాస్త్ర పరిశోధకులకు డబ్బిచ్చే సంస్థ ఒకటి బేరూత్‌లో ఉంది. కుళాయి నీళ్ళు వారానికొకసారి వచ్చే తమ ఊరు సల్త్ వీధుల్లో ఇరుగుపొరుగు నీళ్ళెలా పంచుకుంటారన్నది కుతైబా అంశం. దరఖాస్తులో ఒకే ప్రశ్నను మూడు చోట్ల మూడు రకాలుగా అడిగితే మూడు రకాలుగా జవాబు రాశాడు. ఈ పరిశోధన వల్ల ఎవరికీ హాని జరగదని, నీళ్ళకు కూడా జరగదని, విశ్వవిద్యాలయ నైతిక సంఘానికి హామీ ఇచ్చాడు. మిగిలింది ఒక్క ఉత్తరం. అది తన పీహెచ్‌డీ గురువే రాయాలి. రాసేవారు అభ్యర్థికి ఏ రకంగానూ బంధువు కానని సంతకం పెట్టాలి. అరబ్బు దేశాల మీద పనిచేసే సంస్థ కదా, అరబ్బు కుటుంబాల సంగతి దానికి బాగా తెలుసు.

"ఏంట్రా ఆ తిరుగుడు? తివాచీ అరిగిపోతోంది," అంది తల్లి, వంటగది గుమ్మంలోంచి.

"షుక్రీ గారు ఫోన్ ఎత్తట్లేదమ్మా."

"ఎత్తకపోతే ఇంటికెళ్ళు."

"వెళ్తే తలుపు తీయరు. నా మీద కోపం."

"ఏం చేశావ్ ఆయన్ని?"

"ఏం చెయ్యలేదు. అదే ఆయన కోపం."

కిందటేడు కుతైబా రాసిన వ్యాసం ఒకటి అచ్చయింది. దాని చివర సాయం చేసినవాళ్ళందరికీ కృతజ్ఞతలు చెప్పాడు. ప్రింటర్ బాగుచేసిన అతనికీ చెప్పాడు. నాలుగేళ్ళు తన ప్రతి అధ్యాయాన్నీ ఎర్ర సిరాతో దిద్దిన గురువు పేరు మాత్రం రాయడం మరిచాడు. డాక్టర్ షుక్రీ ఆ పేజీని రెండుసార్లు చదివి, పుస్తకం మూసి, అప్పటినుంచి అతని ఫోన్‌కు పలకడం మానేశారు.

కుతైబా చొక్కా తగిలించుకుని, కంప్యూటర్ సంచీ తీసుకుని, గురువుకు నచ్చజెప్పే ఆచార్యుడెవరైనా దొరుకుతారేమోనని విశ్వవిద్యాలయానికి పరిగెత్తాడు. దారిలో రొట్టెల కొట్టాయన అతని ముఖం చూసి ఏమీ అడక్కుండా వేడి రొట్టె ఒకటి చేతిలో పెట్టాడు. ఆ రోజంతటిలో అతనికి చిక్కుల్లేకుండా అందినది అదొక్కటే.

అక్కడ తల్లిని ఉమ్ అనీ, తండ్రిని అబూ అనీ బిడ్డ పేరుతో కలిపి పిలుస్తారు. కుతైబా తల్లి ఉమ్ కుతైబా తలుపు వేసి వచ్చి, చనిపోయిన భర్తకు అన్నగారైన అబూ గాలిబ్‌కు ఫోన్ చేసింది.

"బావగారూ, మీ తమ్ముడే ఉంటే ఈ మాట మీదాకా వచ్చేది కాదు. పిల్లాడికి షుక్రీ గారు ఒక ఉత్తరం రాసివ్వాలిట. ఆయన అలిగి కూర్చున్నారు. సాయంత్రం లోపల కావాలంటున్నాడు. మీరొక మాట చెబితే..."

అబూ గాలిబ్ నీటిపారుదల శాఖలో రిటైరయ్యాడు. ఆ తర్వాత ఆయనకు మిగిలిన పని జాహాలే. సల్త్‌లో ఎవరి తగువు తీర్చాలన్నా, ఎవరి పిల్లనడగాలన్నా, కారుతో గుద్దినవాడి తరఫున క్షమాపణ కోరాలన్నా, పెద్దమనుషులు గుంపుగా వెళ్ళి ఆ ఇంట్లో కూర్చుంటారు. అదే జాహా. కాఫీ పోస్తే కప్పు ముందు పెట్టుకుంటారు గానీ ముట్టరు. వచ్చిన పని అవుతుందని ఇంటాయన మాటిచ్చాకే తాగుతారు. కాఫీ తాగకుండా జాహా లేచిపోయిందంటే ఆ ఇంటి పరువు దానితోనే లేచిపోతుంది. అబూ గాలిబ్ తలపెట్టిన జాహా ఏదీ కాఫీ తాగకుండా తిరిగి రాలేదు.

"నువ్వు ఫోన్ పెట్టెయ్యమ్మా. ఇంక నాకు వదిలెయ్," అన్నాడు.

"పెద్దగా వద్దు బావగారూ. ఒకరిద్దరు చాలు."

"ఒకరిద్దరు వెళ్తే దాన్ని కాలక్షేపం అంటారు, జాహా అనరు."

ఆయన ఫోన్లు మొదలుపెట్టాడు. ఒక కాగితం కోసం పెద్దమనుషుల్ని కదిలించడం చిన్నతనంగా తోచింది. అందుకని ఉత్తరం ఊసెత్తకుండా, "మా తమ్ముడి కొడుక్కి షుక్రీ గారింట్లో ఒక మాట కావాలి. ఇవాళే," అని మాత్రం చెప్పాడు. ఏ మాట అని ఎవరూ అడగలేదు. జాహాకు పిలిస్తే ఎందుకని అడగడం మర్యాద కాదు. కానీ ఊహించకుండా ఎవరూ ఊరుకోలేదు. డాక్టర్ షుక్రీకి మైసూన్ అని పెళ్ళికాని కూతురుంది. కుతైబాకు పెళ్ళి కాలేదు. ఇవాళే అంటున్నారంటే పిల్లాడు బాగా తొందరపడుతున్నాడు. ఒకరు తన బావమరిదిని వెంటబెట్టుకొచ్చారు. ఆ బావమరిది ఒక రిటైర్డ్ బ్రిగేడియర్‌ని తెచ్చాడు. మధ్యాహ్నం మూడు దాటాక జరిగే ప్రార్థన అయ్యేసరికి ఒక మినీబస్సు చాలక రెండోది మాట్లాడాల్సి వచ్చింది.

మాట్లాడే పెద్దగా మాజీ ఎంపీ అబూ రాకాన్ వచ్చాడు, పెద్దమనుషులు వేసుకునే బంగారు అంచు అబాయా కప్పుకుని. ఆయన దగ్గర రెండు ప్రసంగాలున్నాయి. ఒకటి రోడ్డు ప్రమాదాలకు, రెండోది పెళ్ళిళ్ళకు. బస్సెక్కి చుట్టూ చూశాడు. అందరూ ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు, ఎవరి కాలికీ కట్టు లేదు. రెండో ప్రసంగం గుర్తుచేసుకుంటూ కళ్ళు మూసుకున్నాడు.

ఆ గురువారం డాక్టర్ షుక్రీ వీధికి నీళ్ళ రోజు. ఆయన పైజామా మోకాళ్ళదాకా మడిచి, మిద్దె మీద ట్యాంకులో గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నారు. కింద మెట్లదారిలో నలభై మంది ఎర్ర గళ్ళ తలగుడ్డలు కట్టుకుని ఆయాసపడుతూ పైకి వస్తున్నారు.

"ఎవరో పోయినట్టున్నారు," అన్నారు భార్యతో, పైనుంచే.

"పోతే మనింటికెందుకొస్తారండీ? ముందు ప్యాంటేసుకోండి."

పక్కింటి అబూ ఇల్యాస్ ఎవరూ అడక్కముందే తన ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొచ్చాడు. అతని భార్య వంటింట్లోకి దూరి, షుక్రీ భార్య ఉమ్ మైసూన్ చేతుల్లోంచి కాఫీ జల్లెడ లాక్కుని, "నువ్వెళ్ళి జుట్టు సరిచేసుకో. మీ మైసూన్ కోసమే వచ్చారు," అంది. ఉమ్ మైసూన్ జుట్టు సరిచేసుకుంది.

డాక్టర్ షుక్రీ కోటు తొడుక్కుని వచ్చి మెరిసే బూట్ల వరుస చూశారు. మధ్యలో అబూ గాలిబ్ కనిపించగానే ఆయనకు సంగతి బోధపడింది. కుతైబా తరఫున వచ్చారు. ఒక్క పేరు మరిచినందుకు ఊరి పెద్దలందరినీ మెట్లెక్కించాడు. ఏడాదిగా ఆయన గుండెలో గడ్డకట్టి ఉన్నదేదో కరిగిపోయింది. నిజానికి ఆయనకీ ఆ కోపం మోయడం కష్టంగానే ఉంది.

కాఫీ వచ్చింది. అబూ రాకాన్ కప్పు ముందు పెట్టుకుని, గొంతు సవరించుకుని, దేవుణ్ణి స్తుతించి, రెండు వంశాల గొప్పతనం ఎత్తుకోబోతుండగా డాక్టర్ షుక్రీ లేచి నిలబడ్డారు.

"అబూ రాకాన్ గారూ, మీకు శ్రమ వద్దు. మీరెందుకొచ్చారో నాకు తెలుసు. ఇంతమంది ఇంత ఎత్తు ఎక్కి వచ్చాక నేను కాదంటానా? మీరు అడగబోయేది ఇచ్చేశాను. కాఫీ తాగండి."

గదిలో ఒక మెచ్చుకోలు గుసగుస లేచింది. అడగకముందే ఇచ్చిన మనిషిని సల్త్‌లో తరతరాలు చెప్పుకుంటారు. అబూ రాకాన్‌కు మాత్రం ప్రసంగం గొంతులోనే మిగిలిపోయింది. కనీసం చివరి వాక్యమైనా చెప్పకుండా కూర్చోలేకపోయాడు.

"ఇదీ పెద్దమనిషితనమంటే. దేవుడి సాక్షిగా, ఈ పెద్దల సాక్షిగా, మీ అమ్మాయి మైసూన్‌ను మా కుతైబాకు ఇచ్చినట్టే. అందరూ ఫాతిహా చదవండి."

సంబంధం ఖాయం చేసే ఆ ప్రార్థనకు నలభై జతల అరచేతులు పైకి లేచాయి. డాక్టర్ షుక్రీ నోరు తెరిచారు. అప్పటికే ప్రార్థన మొదలైంది. ప్రార్థన ముగిసేసరికి వంటింట్లోంచి అబూ ఇల్యాస్ భార్య వేసిన పెళ్ళి కేక కొండ అవతలి ఇళ్ళదాకా వినిపించింది. మిగతా అందరూ కాఫీ తాగారు. అబూ గాలిబ్ కప్పు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. తను వచ్చింది ఉత్తరానికని ఆయనకొక్కడికే తెలుసు. ఇప్పుడది చెబితే మాజీ ఎంపీని అబద్ధాలకోరును చేసినట్టవుతుంది. పైగా తను నడిపిన జాహాల్లో ఇంత తొందరగా నెగ్గింది ఇంకొకటి లేదు. ఆయన కూడా తాగేశాడు.

కుతైబాకు పెదనాన్న ఫోన్ మాత్రం అందింది. "షుక్రీ గారింటికి రా. చొక్కా మార్చుకుని రా." విశ్వవిద్యాలయంలో అతన్ని ఎవరూ కరుణించలేదు. మెట్లమీద నీళ్ళ గొట్టాలు దాటుకుంటూ, కంప్యూటర్ సంచీ గుండెలకు హత్తుకుని, ఆయాసపడుతూ లోపలికొచ్చాడు. వాకిట్లోనే ఎవరో అభినందిస్తూ కౌగిలించుకుని రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకున్నారు. "మబ్రూక్, మబ్రూక్. మీ మామగారు ఒక్క మాటలో ఒప్పుకున్నారు." మామగారు అన్న మాట తప్ప మిగతావి అతని చెవికెక్కాయి. తిన్నగా వెళ్ళి డాక్టర్ షుక్రీ భుజం ముద్దుపెట్టుకున్నాడు.

"మీ మేలు జన్మలో మరవను డాక్టర్ గారూ. కానీ సాయంత్రం ఆరు లోపల కావాలి."

"ఆరు లోపలా?" డాక్టర్ షుక్రీ ముఖం పాలిపోయింది. "ఇవాళ ఆరా?"

"అవునండీ. బేరూత్‌వాళ్ళు ఆరింటికి మూసేస్తారు."

"బేరూత్‌వాళ్ళకు ఇందులో ఏం పని?"

"డబ్బిచ్చేది వాళ్ళే కదండీ."

డాక్టర్ షుక్రీ అతన్ని మోచెయ్యి పట్టుకుని నడవలోకి లాక్కెళ్ళారు. అక్కడ, బూట్ల గుట్ట పక్కన, ఒకరి సంగతి ఒకరికి తెలిసింది. తెలిశాక ఇద్దరూ ఆ బూట్లకేసి చూశారు.

"ఉత్తరానికా," అన్నారు డాక్టర్ షుక్రీ. "నలభై మందా."

"నేను పిలవలేదండీ. మా అమ్మ..."

సరిగ్గా అప్పుడే ఉమ్ కుతైబా పెద్ద పళ్ళెం నిండా కునాఫా మిఠాయి పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కబురు ఆమెకు దారిలోనే అందింది.

"అమ్మా, నువ్వు పెదనాన్నకు ఏం చెప్పావ్?"

"ఉత్తరమనే చెప్పాను. దేవుడు అంతకంటే ఎక్కువిస్తే వద్దంటానా?" అని ఆమె తలగుడ్డ సవరించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"పోనీ ఆ ఉత్తరం ఇప్పుడు రాసిచ్చేయండి డాక్టర్ గారూ. మిగతాది తర్వాత చూసుకుందాం."

"రాయడానికేం, రాస్తాను. కింద బంధువును కానని సంతకం పెట్టాలన్నావే?"

"అవునండీ."

"గంట కిందటైతే కాను. ఇప్పుడు వీధంతా సాక్ష్యం. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, పదవీ విరమణకు ముందు దొంగ సంతకం పెట్టమంటావా?"

కుతైబా గోడ గడియారం చూశాడు, సంచీ చూశాడు, మళ్ళీ గడియారం చూశాడు. లోపల అబూ రాకాన్ పెళ్ళి తేదీల గురించి మాట్లాడుతున్నాడు.

అప్పుడు మైసూన్ వచ్చింది. ఆమె అమ్మాన్‌లో వాతావరణ శాఖలో పనిచేస్తుంది. రేపు గాలి ఎటు వీస్తుందో దేశమంతటికీ చెప్పే మనిషి. గుమ్మంలో ఆగి, బూట్లు చూసి, తండ్రిని చూసి, చేతిసంచీ కింద పెట్టింది.

"నాకు పెళ్ళి కుదిరిందని కూరగాయలాయన చెప్పాడు నాన్నా. వరుడెవరని అడిగితే, అంత వివరం తనకు తెలీదన్నాడు. మీకైనా తెలుసా?"

డాక్టర్ షుక్రీ కుతైబా వైపు చెయ్యి చూపారు. కుతైబా నేలకేసి చూస్తూ జరిగిందంతా చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డురాలేదు. కృతజ్ఞతల పేజీ దగ్గర మాత్రం పెదవి బిగించి తండ్రికేసి చూసింది.

"పొరపాటని లోపలికెళ్ళి చెప్పెయ్యొచ్చుగా?" అంది.

"చెప్పకూడదండీ," అన్నాడు కుతైబా. "వచ్చి అడిగి, పిల్లని వద్దనుకుని పోయారని రేపు ఊరు మీ గురించి అంటుంది. ఎందుకు వద్దనుకున్నారో కూడా వాళ్ళే కల్పిస్తారు. నేను దరఖాస్తు మానేస్తాను. వచ్చే ఏడు పెట్టుకుంటాను."

"వచ్చే ఏటికి మీ ఉద్యోగం ఉంటుందా?"

"ఉండదు."

ఆమె అతన్ని మొదటిసారి తిన్నగా చూసింది. "మీరు వద్దంటే చెడ్డపేరు నాది. నేను వద్దంటే?"

"నాది."

"ఫరవాలేదా?"

"ఆరింటిదాకా ఏ పేరైనా ఫరవాలేదండీ."

మైసూన్ తండ్రి చెయ్యి పట్టుకుని పెద్దల గదిలోకి వెళ్ళింది. "మీ అందరికీ నమస్కారం," అంది ఆమె. "మా నాన్న తన మాట ఇచ్చారు. నా మాట ఇంకా ఎవరూ అడగలేదు. ఈ పెళ్ళి నాకిష్టం లేదు. కుతైబా గారిలో తప్పేం లేదు. నాకిష్టం లేదు, అంతే."

పిల్ల ఒప్పుకోకపోతే పెళ్ళి లేదు. అది అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. దానికి ఎదురు చెప్పగలవాడు ఆ గదిలో లేడు. కానీ జాహాకు అవమానం జరిగిందన్నది కూడా అంతే నిజం. నలభై తలలు కుతైబా వైపు జాలిగా తిరిగాయి. బ్రిగేడియర్ వచ్చి అతని భుజం తట్టి, తనకూ యౌవనంలో ఇలాగే జరిగిందని చెవిలో చెప్పాడు.

అబూ రాకాన్ అబాయా సర్దుకున్నాడు. "షుక్రీ గారూ, మమ్మల్ని ఒట్టి చేతులతో పంపిస్తారా? తాగేసిన కాఫీ వెనక్కి ఇవ్వలేం. కొత్తది పోయించండి. దాన్ని తాగం."

కప్పులు మళ్ళీ నిండాయి. నలభై కప్పులు నలభై మంది ముందు ఆవిర్లు కక్కుతూ కూర్చున్నాయి. డాక్టర్ షుక్రీ కోటు గుండీ పెట్టుకున్నారు.

"పిల్ల తప్ప ఇంకేదైనా అడగండి. ఇస్తాను," అని, ఒక క్షణం ఆగి, "ఈసారి అడిగాకే ఇస్తాను," అన్నారు.

అబూ రాకాన్ అబూ గాలిబ్‌ను చూశాడు. అబూ గాలిబ్ చూపు కప్పు మీదనుంచి లేవలేదు. గుమ్మం దగ్గరినుంచి కుతైబా నెమ్మదిగా అన్నాడు.

"ఒక ఉత్తరం ఇప్పించండి."

"ఏంటి?"

"సిఫారసు ఉత్తరం. నా పరిశోధనకు."

అబూ రాకాన్‌కు అతని మీద నిజంగా దయ కలిగింది. "దిగులులో ఉన్నావు నాయనా, నీకు తెలీడం లేదు. నలభై మందిమి వచ్చాం. కాస్త పెద్దది అడుగు."

"అది చాలండీ."

డాక్టర్ షుక్రీ అక్కడే, చిన్న బల్ల మీద, కప్పు పక్కకు జరిపి ఉత్తరం రాశారు. తన విద్యార్థులందరిలో ఇంత ఓపికగా జనం మాట వినేవాణ్ణి చూడలేదని రాశారు. కృతజ్ఞత చెప్పడం ఒక్కటే ఇతనికి ఆలస్యంగా వస్తుందని, మిగతావన్నీ సమయానికే వస్తాయని రాశారు. ఆ వాక్యం కొట్టెయ్యమని అడగడానికి కుతైబాకు నోరు రాలేదు, వ్యవధి అంతకన్నా లేదు. చివర, అభ్యర్థికీ తనకూ ఎలాంటి బంధుత్వం లేదని, ఇకముందు ఏర్పడే సూచన కూడా లేదని, ఇందుకు సల్త్ పెద్దలు నలభై మంది సాక్షులని రాసి సంతకం పెట్టారు. బంధుత్వం లేదనడానికి ఇంతకంటే గట్టి రుజువు ఆ సంస్థకు ఏ దేశం నుంచీ వచ్చి ఉండదు. పెద్దలు కాఫీ తాగారు.

మైసూన్ ఫోన్‌తో ఆ కాగితం ఫోటో తీసి కంప్యూటర్‌లోకి పంపింది. కుతైబా వేళ్ళు తడబడుతుంటే పక్కన నిలబడి, "తొందరేం లేదు, ఇంకా టైముంది," అంది. టైము లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ మాట విన్నాక అతని వేళ్ళు కుదురుకున్నాయి. దరఖాస్తు వెళ్ళిపోయింది. అందిందని బేరూత్‌నుంచి ఒక్క వాక్యం వచ్చింది.

పెద్దలు బూట్లు వెతుక్కుంటూ దిగిపోతున్నారు. ఉమ్ కుతైబా కునాఫా వెనక్కి తీసుకెళ్ళాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చివరికి అబూ ఇల్యాస్ భార్యతో కలిసి పంచడం మొదలుపెట్టింది. మెట్ల మొదట్లో కుతైబా ఆగాడు.

"ఏమీ అనుకోకండి. అంతమందిలో అలా అన్నందుకు," అంది మైసూన్.

"మీరు కాదన్నారు కాబట్టే నా ఉద్యోగానికి దారి దొరికింది. ఈసారి వ్యాసం చివర మీ పేరే ముందు రాస్తాను."

"నాన్న పేరు తర్వాతా?" అంది. "ఇంకో ఏడాది ఫోన్ ఎత్తరు." నవ్వు దాచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

కింద బస్సు పక్కన అబూ గాలిబ్ ఒంటరిగా నిలబడి ఉన్నాడు. తన జాహా మొదటిసారి ఒక పెళ్ళి పోగొట్టుకుని, ఒక కాగితం పట్టుకుని దిగింది. దాన్ని ఏ లెక్కలో వేసుకోవాలో ఆయనకు తోచడం లేదు.

"ఇంతకీ పనైనట్టేనా?" అన్నాడు.

"ఇవాళ్టికి అయింది పెదనాన్నా. డబ్బు ఇవ్వాలో వద్దో ఇంక కమిటీ చూస్తుంది."

"కమిటీలో ఎవరెవరు?"

"ఆచార్యులు. బేరూత్‌లో ఉంటారు."

"ఇళ్ళున్నవాళ్ళేనా?"

కుతైబా సంచీ సర్దుకుని తలెత్తి చూశాడు. పెదనాన్న అప్పటికే అబూ రాకాన్ దగ్గరికి నడుస్తున్నాడు.

మర్నాడు ఉదయమే అబూ గాలిబ్ భార్య ఆయన పాస్‌పోర్టును బియ్యం డబ్బా అడుగున దాచి, పైన మరో రెండు కిలోలు పోసింది.